పాత సౌత్ బెండ్ లేత్‌కు కొత్త క్రాస్ ఫీడ్ స్క్రూ, కంచు నట్టు: ఆరు నెలలు వాడిన తర్వాత ఒక కిట్‌పై సమీక్ష

నేను వాడుతున్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ టూలుతో కోసి ఆకారం ఇచ్చే యంత్రం) సౌత్ బెండ్ సంస్థ చేసిన 9 అంగుళాల రకం, మోడల్ బి. ఓబ్రయన్ కవల సోదరులు 1906లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, సౌత్ బెండ్ పట్టణంలోనే స్థాపించిన ఆ సంస్థ ఈ రకం లేత్‌లను దశాబ్దాల పాటు తయారుచేసినందువల్ల అవి ఇప్పటికీ ఎన్నో చిన్న వర్క్‌షాపుల్లో నిక్షేపంగా తిరుగుతున్నాయి. వాటి పోత ఇనుము శరీరానికి ఆయుర్దాయం ఎక్కువే గాని, టూలును ఆ ముక్కకు అడ్డంగా జరిపే క్రాస్ స్లైడును ముందుకూ వెనక్కూ నడిపే సన్నని స్క్రూకు, దానిపై నడిచే నట్టుకు అంత ఆయువు ఉండదు. అరిగిన స్క్రూలోని మంచి భాగాన్ని అలాగే ఉంచి, త్రెడ్డు ఉన్న భాగాన్ని మాత్రం కోసి పారేసి, ఆ స్థానంలో కొత్త ముక్కను అతికించుకునే విధంగా ఒక చిన్న తయారీదారు అమ్ముతున్న కిట్‌ను నేను తెప్పించుకున్నాను. అందులో త్రెడ్డు కడ్డీ, కంచు నట్టు, చిన్న ఉక్కు పిన్ను, నూనె అందించే ఫెల్టు వత్తుల సంచి, ఒక పేజీ సూచనల కాగితం ఉన్నాయి. స్క్రూ, నట్టు చాలా మంచివి, ఫెల్టులు పనికిరానివి, సూచనల కాగితం సగమే చెబుతుంది. ఈ మూడింటికీ కారణాలు వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందుగా, ఏ భాగం అరిగిందో కొలవకుండా ఈ కిట్‌ను గాని, ఇలాంటి మరే విడిభాగాన్ని గాని తెప్పించుకోవద్దని నా మనవి. చేతిపిడిని ఒక దిక్కుకు తిప్పి, తర్వాత ఎదురు దిక్కుకు తిప్పినప్పుడు స్లైడు కదలకుండా పిడి మాత్రమే తిరిగే ఖాళీని బ్యాక్‌లాష్ అంటాము. అది ఒక్క చోట పుట్టదు. స్క్రూ మెడను పట్టుకునే బుష్ దగ్గర కొంత, నట్టులో కొంత, స్క్రూ త్రెడ్డులో కొంత కలిసి ఆ మొత్తం అవుతుంది. నా లేత్‌లో స్క్రూకు అంగుళానికి 10 త్రెడ్లు ఉంటాయి గనుక పిడి ఒక చుట్టు తిరిగితే స్లైడు అంగుళంలో పదో వంతు జరుగుతుంది; డయల్‌పై ఉన్న 100 గీతల్లో ఒక్కొక్కటి అంగుళంలో వెయ్యో వంతు, అంటే పనిలో ఉన్నవారు థౌ అని పిలిచే కొలత. కిట్ రాకముందు స్లైడు ప్రయాణంలో నడుమ భాగాన నాకు 42 గీతల ఖాళీ కనిపించింది. సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ సూదిని పిడి మధ్యభాగానికి ఆనించి, పిడిని తిప్పకుండా ముందుకూ వెనక్కూ లాగి చూస్తే అందులో 6 థౌలు బుష్ దగ్గరివని తేలింది. మిగిలిన 36 నట్టుదీ స్క్రూదీ కలిసిన అరుగుదల. స్లైడును పూర్తిగా చివరకు తీసుకెళ్లి కొలిస్తే ఆ 36 కాస్తా 20కి తగ్గింది.

ఈ చివరి అంకెలోనే అసలు విషయం ఉంది. నట్టు స్క్రూపై ఎక్కడికి వెళ్లినా అదే నట్టు. కాబట్టి నట్టు ఒక్కటే అరిగి ఉంటే ఖాళీ అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. నడుమ 16 థౌలు ఎక్కువ వచ్చిందంటే ఆ మేరకు అరిగింది స్క్రూయే. చాలామంది ఖర్చు తగ్గుతుందని కొత్త నట్టు ఒక్కటే వేసుకుంటారు. అరిగిన స్క్రూ మీద కొత్త నట్టు నడుమ వదులుగా, చివరల్లో బిగువుగా నడుస్తుంది. చివరల్లో ఇరుక్కోకుండా దాన్ని వదులు చేస్తే నడుమ ఖాళీ మళ్లీ పెరుగుతుంది. పైగా పలచబడి పదునెక్కిన పాత త్రెడ్డు కొత్త కంచును తొందరగా తినేస్తుంది. 10 త్రెడ్ల ఆక్మే రకం (వాలు పక్కలు, చదును తల ఉన్న త్రెడ్డు) స్క్రూకు త్రెడ్డు తల మీద చదునైన అంచు సుమారు 37 థౌల వెడల్పు ఉండాలి. నా పాత స్క్రూ నడుమ భాగంలో అది కత్తి అంచుకు దగ్గరగా వచ్చింది. విప్పి చేతిలోకి తీసుకున్న వెంటనే కంటికి తెలిసిపోయే సంగతి ఇది. కొలత సాధనం కూడా అక్కరలేదు.

ఇక కిట్‌లోని కడ్డీ సంగతి. నా లేత్‌కు సరిపడే విధంగా 7/16 అంగుళాల వ్యాసం, అంగుళానికి 10 త్రెడ్లు, ఎడమచేతి ఆక్మే. ఎడమచేతి త్రెడ్డు ఎందుకంటే, స్క్రూ ఉన్న చోటే తిరుగుతూ నట్టే జరుగుతుంది గనుక, పిడిని గడియారం ముల్లు దిశలో తిప్పినప్పుడు స్లైడు మన నుంచి దూరంగా, పని (కోస్తున్న లోహపు ముక్క) వైపు వెళ్లాలంటే అలాగే ఉండాలి. త్రెడ్డు కోసి చేసినది కాదు, రోలింగ్ పద్ధతిలో ఒత్తి చేసినది. పక్కతలాలు అద్దంలా నున్నగా ఉన్నాయి, తల మీద రోలింగ్‌కు సహజమైన సన్నని గీత కనిపిస్తుంది. ఆ గీతను చూసి పగులు అనుకుని కంగారు పడనక్కరలేదు. ఒత్తిడికి లోహం పైపొర గట్టిపడుతుంది కాబట్టి అరుగుదలకు అది మేలే చేస్తుంది. పిచ్ (త్రెడ్ల మధ్య దూరం) ఎంత నిజమో చూడటానికి బిగించిన తర్వాత పిడిని సరిగ్గా పది చుట్లు తిప్పి, స్లైడు జరిగిన దూరాన్ని గేజ్‌తో కొలిచాను. ఒక అంగుళం ప్రయాణంలో తేడా ఒకటిన్నర థౌ దాటలేదు. నా పనులకు ఇంతకంటే నేను కోరేది లేదు.

ఈ కిట్ రూపకల్పనలో నాకు బాగా నచ్చినది కడ్డీ ఒక చివర ముందే తిప్పి ఇచ్చిన పావు అంగుళం కొమ్ము. మోడల్ ఎ, బి లేత్‌లలో క్రాస్ ఫీడ్ స్క్రూపైనే పవర్ ఫీడ్ (టూలును లేత్ శక్తితోనే జరపడం) కోసం పళ్లచక్రం ఉంటుంది. మోడల్ సిలో అది ఉండదు. పిడి కూర్చునే భాగం, డయల్ కూర్చునే భాగం, ఆ పళ్లచక్రం, ఇవేవీ సాధారణంగా పాడవ్వవు. కాబట్టి వాటిని ఉంచుకుని, త్రెడ్డును మాత్రం కోసి, మిగిలిన మొదలు భాగంలో రంధ్రం చేసి ఈ కొమ్మును అందులో దించి అతికించాలి. ఒకే కిట్ మూడు మోడళ్లకూ పనికిరావడం ఇందువల్లే సాధ్యమైంది. అయితే టేపర్ అటాచ్‌మెంట్ (కడ్డీని ఏటవాలుగా కోసే అమరిక) ఉన్న లేత్‌లలో స్క్రూ నిర్మాణం వేరు, అది ఒకదానిలో ఒకటి జారే విధంగా ఉంటుంది. వాటికి ఈ కిట్ సరిపోదు. ఆ మాట సూచనల కాగితంలో ఎక్కడా లేదు, ఉండి తీరాల్సింది.

అతికించే పని విషయానికి వస్తే, లేత్ స్క్రూను బాగుచేయడానికి లేత్ కావాలి, ఉన్న ఒక్క లేత్ స్క్రూ విప్పి ఉంది. సూచనల కాగితం ఈ చిక్కును పట్టించుకోకుండా "మరో లేత్‌పై చేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మరో లేత్ అక్కరలేదు. మొదలు భాగాన్ని నాలుగు దవడల చక్‌లో (ముక్కను పట్టుకుని తిప్పే భాగంలో) పట్టి, బుష్‌లో తిరిగే నున్నని తలం మీద గేజ్ పెట్టి అర థౌ లోపుకు మధ్యకు తెచ్చుకుంటే, రంధ్రం చేయడమంతా చక్‌కు ఎదురు చివర ఉండే టెయిల్‌స్టాక్ నుంచే జరుగుతుంది; క్రాస్ స్లైడు ప్రసక్తే లేదు. రంపంతో కోసిన ముఖాన్ని చదును చేయడానికి మాత్రం టూలు అడ్డంగా జరగాలి. దానికి గిబ్ (స్లైడు వదులును సరిచేసే పట్టీ) స్క్రూలను గట్టిగా బిగించి క్రాస్ స్లైడును కదలకుండా నిలిపేసి, దానిపై ఉండే చిన్న కాంపౌండ్ స్లైడును అడ్డంగా తిప్పుకుని దాని పిడితో కోత తీసుకున్నాను. కాంపౌండుకు సొంత స్క్రూ ఉంది కదా. ముందు సెంటర్ డ్రిల్, తర్వాత 15/64 డ్రిల్, చివరకు పావు అంగుళం రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే టూలు), ఈ వరుసలో చేస్తే రంధ్రం నిటారుగా, నిండు కొలతకు వస్తుంది. పాత ఉక్కు మెత్తనిది. డ్రిల్లుకు ఏ కష్టమూ కాలేదు.

కొమ్ము కొలత 248 థౌలకు కొద్దిగా పైన ఉంది, రీమర్ చేసిన రంధ్రం సరిగ్గా 250. ఒకటిన్నర థౌ ఖాళీ ఉంచడం పొరపాటు కాదు, ఉద్దేశపూర్వకం. గాలి తగలని చోట గట్టిపడే రిటెయినింగ్ కాంపౌండు అనే జిగురుకు ఆ మాత్రం చోటు కావాలి. మరీ బిగువుగా ఉంటే దించేటప్పుడే అది తుడుచుకుపోతుంది. ఆ పసరు లాంటి ద్రవానికి నూనె మరక తగిలితే పట్టు ఉండదు కాబట్టి రెండు తలాలనూ రెండుసార్లు శుభ్రం చేశాను. కడ్డీ రెండో చివర తయారీదారు సెంటర్ రంధ్రం చేసి ఇవ్వడం వల్ల, మొదలు భాగం చక్‌లో ఉండగానే టెయిల్‌స్టాక్ సెంటర్‌తో కడ్డీని ఆనించి, ఒక రోజంతా అలాగే వదిలేశాను. మర్నాడు అడ్డంగా రంధ్రం చేసి పిన్ను కొట్టి, తలను చదును చేశాను. చేత్తో తిప్పి చూస్తే కడ్డీ నడుమ భాగంలో ఊగు 2 థౌలు. అతికించేముందే పాత స్క్రూ పొడవును కొలిచి రాసిపెట్టుకోవడం మరవకూడదు. కడ్డీ అర అంగుళం ఎక్కువ పొడవుతో వస్తుంది, చివరన ఆ మేరకు కత్తిరించుకోవాలి.

నట్టు గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే ఈ కిట్ తయారీదారు పని మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. నట్టు పైభాగాన ఉండే గుండ్రని గూటం క్రాస్ స్లైడులోని రంధ్రంలో కూర్చుని ఒక సెట్ స్క్రూతో బిగుస్తుంది. ఇన్నేళ్ల తర్వాత ఏ రెండు లేత్‌లలోనూ ఆ రంధ్రం ఒకే కొలతలో మిగలదు. ఈ నట్టు గూటం నా రంధ్రం కంటే 3 థౌలు పెద్దదిగా వచ్చింది. మొదట చూసిన వారికి అది సరిపడని భాగమనే అనిపిస్తుంది. నిజానికి తయారీదారు లోహాన్ని మనకోసం మిగిల్చాడు. ఎవరి రంధ్రానికి తగ్గట్టు వారు తగ్గించుకుంటే నట్టు కదలకుండా కూర్చుంటుంది. తీసి పెట్టగానే దూరిపోయే నట్టు నా లేత్‌లో ఊగుతూ, కొత్త త్రెడ్డు ఇచ్చిన ప్రయోజనాన్నంతా మళ్లీ కాజేసేది. నేను పాత స్క్రూనే తాత్కాలికంగా ఇంకోసారి బిగించి, అతికించే పనికి ముందే ఈ గూటాన్ని తగ్గించుకున్నాను. ఆ క్రమం పాటిస్తే శ్రమ తగ్గుతుంది.

నట్టు త్రెడ్డు కూడా మొదట కాస్త బిగువుగానే ఉంటుంది. దాన్ని సడలించడానికి ఎవరైనా గ్రైండింగ్ పేస్టు వాడమంటే వినవద్దు. ఆ గరుకు రేణువులు మెత్తని కంచులో పాతుకుపోయి, అక్కడి నుంచి స్క్రూను ఆకురాయిలా అరగదీస్తూనే ఉంటాయి, ఎంత కడిగినా వదలవు. నేను పలచని నూనె వేసి, నట్టును కడ్డీ పొడవునా చేత్తో ముప్పై నలభై సార్లు నడిపి, ప్రతిసారీ నల్లబడిన నూనెను తుడిచాను. అంతతోనే మెత్తగా నడిచింది. బిగించేటప్పుడు స్లైడును పూర్తిగా మన వైపుకు లాగి, నట్టు బుష్‌కు అతి దగ్గరగా ఉన్నప్పుడే సెట్ స్క్రూను బిగించాలి. అక్కడ స్క్రూ ఇటు అటు వంగే వీలు ఉండదు గనుక నట్టు తన సరైన స్థానాన్ని తానే వెతుక్కుంటుంది. దూరంగా ఉన్నప్పుడు బిగిస్తే, స్లైడు దగ్గరకు వచ్చేకొద్దీ పిడి బరువెక్కుతుంది. నేను మొదటిసారి అలాగే చేసి, తిరిగి వదులు చేసి బిగించవలసి వచ్చింది.

బుష్ దగ్గరి ఖాళీని కూడా సవరించిన తర్వాత నా కొలతలు ఇవి: బుష్ దగ్గర 2 థౌలు, నట్టులో 3, మొత్తం 5, అదీ ప్రయాణం పొడవునా ఒకేలా. 42 నుంచి 5కు రావడం వల్ల పనిలో వచ్చిన మార్పు డయల్ చదవడంలో కాదు. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి కొలతకు వచ్చే అలవాటున్నవారికి బ్యాక్‌లాష్ ఉన్నా డయల్ నిజమే చెబుతుంది. మార్పు కనిపించింది కడ్డీలను కోసి వేరుచేసే పార్టింగ్ పనిలో. ఇంతకుముందు పార్టింగ్ టూలు ఒక్కోసారి పనిలోకి తనంతట తాను లాగబడి, ఖాళీ ఉన్నంత మేరా ఒక్కసారిగా దూకి, అంచు విరిగేది. ఆ దూకే చోటు ఇప్పుడు దాదాపు లేదు. ఉక్కు కడ్డీలను పవర్ ఫీడుతో కోస్తున్నా ఈ ఆరు నెలల్లో ఒక్క టూలు కూడా విరగలేదు. అయితే గిబ్‌ను కూడా సరిగ్గా బిగించుకోవాలి. వదులు గిబ్ ఉంటే కొత్త స్క్రూ ఒక్కటే ఈ ఫలితం ఇవ్వదు.

ఈ కిట్ బాగుచేయలేని అరుగుదల ఒకటుంది, దాన్ని కూడా దీని మీదకే నెట్టే కొనుగోలుదారులు ఉంటారని నాకు అనిపిస్తుంది. పొడవైన కడ్డీ తిప్పినప్పుడు ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా వస్తే ఆ దోషం క్రాస్ ఫీడ్ స్క్రూది కాదు. చక్‌ను తిప్పే హెడ్‌స్టాక్‌కు దగ్గరగా బెడ్డు (లేత్ పొడవునా ఉండే పట్టాల పునాది) ఎక్కువ అరుగుతుంది, ఎక్కువ పని జరిగేది అక్కడే గనుక. అక్కడ క్రాస్ స్లైడును మోస్తూ బెడ్డుపై నడిచే సాడిల్ 5 థౌలు కిందికి దిగినంత మాత్రాన భయపడనక్కరలేదు. ఒక అంగుళం వ్యాసమున్న కడ్డీపై టూలు అంచు 5 థౌలు దిగితే వ్యాసార్ధంలో వచ్చే తేడా అంగుళంలో లక్షకు రెండున్నర వంతులే. అదే 5 థౌలు పక్కకు జరిగితే వ్యాసంలో 10 థౌల తేడా వస్తుంది. కాబట్టి బెడ్డు గట్టు పక్కతలాల అరుగుదలే అసలు శత్రువు. దానికి స్క్రేపింగ్ గాని, గ్రైండింగ్ గాని తప్ప డబ్బాలో వచ్చే మందు లేదు.

ఇదే పనికి ఇతర దారులూ ఉన్నాయి. అసిటల్ ప్లాస్టిక్ ముక్కలను వేడిచేసి, అరిగిన స్క్రూ చుట్టూనే బిగించి త్రెడ్డు అచ్చు పడేలా నట్టు చేసుకునే పద్ధతి ఉంది. సుమారు 175 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అది కరుగుతుంది, మరీ మాడితే ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఆవిరి వస్తుంది గనుక గాలి ఆడే చోటే చేయాలి. స్క్రూ ఇంకా బాగున్న లేత్‌కు అది మంచి ఉపాయమే. నా స్క్రూ ఆ దశ దాటిపోయింది. విప్పేసిన లేత్‌ల నుంచి పాత స్క్రూలు కూడా దొరుకుతాయి గాని, అవి కూడా అదే నడుమ భాగంలో, అదే విధంగా అరిగి ఉంటాయి. ఒక అరుగుదలను ఇచ్చి మరో అరుగుదలను తెచ్చుకోవడంలో నాకు అర్థం కనిపించలేదు.

ఇక ఫెల్టులు. ఈ లేత్‌లో చక్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, నేరుగా పోత ఇనుములోనే తిరుగుతుంది. దాని కింద స్ప్రింగ్ ఒత్తిడితో పైకి ఆని ఉండే ఫెల్టు ముక్క, దీపంలో వత్తి లాగే, కింది గూటిలోని నూనెను పైకి లాగి స్పిండిల్‌కు పూస్తుంది. ఆ ఫెల్టు ఎండి గట్టిపడితే గూటి నిండా నూనె ఉన్నా బేరింగ్ పొడిగా తిరుగుతుంది, అప్పుడు జరిగే నష్టం ముందు క్రాస్ ఫీడ్ స్క్రూ అరుగుదల ఏపాటిది? అందుకే ఈ సంచిని నేను అనుమానంగా చూశాను. ముక్కలు ఉన్నివి కావు, కృత్రిమ పోగులవి. నా దగ్గరున్న ఉన్ని ఫెల్టు పట్టీని, కిట్‌లోని పట్టీని పక్కపక్కనే ఐఎస్ఓ 22 స్పిండిల్ నూనెలో ముంచి రాత్రంతా వేలాడదీశాను. తెల్లవారేసరికి ఉన్ని పట్టీ పైకొస వరకూ తడిసింది, కిట్ పట్టీ సగం కూడా ఎక్కలేదు. పైగా ముక్కలన్నీ ఒకే మందం. స్పిండిల్ కిందివి, ఏప్రాన్‌లోనివి (సాడిల్ ముందున్న పళ్లచక్రాల పెట్టెలోనివి) వేర్వేరు మందాల్లో ఉండాలి. స్ప్రింగులు అసలు ఇవ్వలేదు. నేను ఉన్ని ఫెల్టును వేరుగా తెచ్చుకుని కత్తిరించుకున్నాను. స్పిండిల్‌ను తిరిగి దించేటప్పుడు ఫెల్టు పైకి తన్నకుండా, పక్కనున్న చిన్న రంధ్రం గుండా సన్నని తీగ దూర్చి దాన్ని కిందికి నొక్కి ఉంచాలి. స్పిండిల్ కూర్చున్నాక తీగ లాగేయాలి. ఈ మాట కూడా కాగితంలో లేదు, తెలియకపోతే కొత్త ఫెల్టు తొలి ప్రయత్నంలోనే చిరిగిపోతుంది.

తయారీదారుకు ఈ సంగతులన్నీ రాసి పంపాను. స్క్రూ, నట్టు విషయంలో ఏమీ మార్చవద్దని, ముఖ్యంగా ఆ 3 థౌల అదనపు లోహాన్ని తీసేయవద్దని, ఫెల్టుల సంచిని కిట్ నుంచి తొలగించి ఆ డబ్బుతో మరో రెండు పేజీల సూచనలు అచ్చువేయించమని కోరాను. మోడల్ ఎ, బి, సిలలో ఏది ఉన్నా, పావు అంగుళం రీమరు, నాలుగు దవడల చక్కు, ఒక డయల్ గేజ్ ఉండి, రెండు రోజులు లేత్‌ను ఆపగలిగినవారు ఈ కిట్‌ను నిస్సంకోచంగా తెప్పించుకోవచ్చు. బిగించిన మొదటి నెలలో కంచు సర్దుకుంటుంది, నా దాంట్లో నట్టు దగ్గరి ఖాళీ 3 నుంచి 4కు వచ్చి అక్కడే నిలిచింది. ఆ నెల గడిచాక బుష్‌ను, సెట్ స్క్రూను మరోసారి చూసుకుని బిగించుకోవాలి.